యుద్ధకాలపు పిల్లల బొమ్మలు: బడి నేర్పిందెంత, పిల్లలు చూసిందెంత – తేల్చుకోవడం ఎలా?

యుద్ధం రోజుల్లో పిల్లలు గీసిన బొమ్మల కట్ట చేతికొస్తే, చాలామంది ముందు మనసును కదిలించే నాలుగైదు బొమ్మలు ఏరి పక్కన పెట్టుకుంటారు. పని చెడేది అక్కడే. ఆ బొమ్మల్లో ఎక్కువ భాగం తరగతి గదిలో, టీచర్ గీయమంటే, ఫలానా అంశం మీద గీసినవి. అంటే ప్రతి బొమ్మా ఒక జవాబు. అడిగిన ప్రశ్న ఏమిటో తెలియకుండా జవాబు చదివితే, ప్రచారాన్ని పసిమనసు అనుకుంటాం, పసిమనసును ప్రచారం అనుకుంటాం. ఈ పద్ధతంతా ఆ ప్రశ్నను వెతికి పట్టుకోవడానికే.

చరిత్ర చదివేవాళ్లకు, టీచర్లకు, చిన్న మ్యూజియం నడిపేవాళ్లకు, ఇంట్లో పాత పెట్టెలో ఇలాంటి కట్ట దొరికినవాళ్లకు ఇది పనికొస్తుంది. కావలసిన సామాను పెద్దగా ఏమీ లేదు: మెత్తటి 2బీ పెన్సిల్, స్కేలు, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, అతినీలలోహిత కాంతి ఇచ్చే చిన్న టార్చి, ఆమ్లం లేని ఫోల్డర్లు, మధ్యమధ్యలో పెట్టడానికి ఆమ్లం లేని పలుచటి కాగితం, మూత తెరిచి కాగితం పరిచే రకం స్కానర్, ఒక స్ప్రెడ్‌షీట్.

1. కట్ట వరస చెదరనివ్వకండి

కట్ట విప్పక ముందే పైనుంచి, పక్కలనుంచి ఫోటోలు తీయండి. ఏ కాగితం మీద ఏది ఉందో ఆ వరస కూడా సాక్ష్యమే. ఒకే తరగతి బొమ్మలు సాధారణంగా ఒకచోటే ఉంటాయి. పరీక్ష పేపర్లలా టీచర్ పోగుచేసిన వరసే చాలాసార్లు అలాగే మిగిలిపోతుంది. "అందమైనవి ముందు" అని సర్దేశారంటే పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లలు ఒకరినొకరు చూసి గీశారా లేదా అన్నది ఇక ఎప్పటికీ తేలదు.

ప్రతి కాగితం వెనక, కింది కుడి మూలలో, పెన్సిల్‌తో చిన్నగా నంబరు వేయండి. పెన్ను వాడొద్దు, స్టిక్కరు అసలే వద్దు. తుప్పు పట్టిన పిన్ను ఉంటే దాని కింద పలుచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి కాళ్లు నెమ్మదిగా ఎత్తండి. ఏయే కాగితాలు ఆ పిన్నుతో కలిసి ఉన్నాయో రాసుకోండి. పాత టేపును లాగొద్దు, రంగుతో సహా పైపొర ఊడి వస్తుంది. బొగ్గుతో, పాస్టెల్‌తో గీసినవి ఒకదానికొకటి రుద్దుకుంటే బొమ్మ చెరిగిపోతుంది కాబట్టి మధ్యలో కాగితం తప్పనిసరి. లామినేషన్ చేయిస్తే భద్రంగా ఉంటుందనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు: వేడికి మైనపు క్రేయాన్ కరుగుతుంది, ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరాక పట్టుకుంటే చాలు. గుడ్డ గ్లౌజులతో పట్టు తెలియక పెళుసు అంచులు చిరుగుతాయి.

2. రెండు వైపులా స్కాన్ చేయండి

వెనక వైపును వదిలేసేవాళ్లే ఎక్కువ. బొమ్మ గురించి పెద్దలు ఏమనుకున్నారో తెలిసేది వెనకనుంచే: మార్కులు, బడి ముద్ర, ఎగ్జిబిషన్ నంబరు, ఒక్కోసారి వేరే భాషలో అనువాదం. 400 డీపీఐలో, టిఫ్ ఫైలుగా, పక్కన స్కేలు, రంగుల కార్డు పెట్టి తీయండి. అరచేతి పరిమాణంలో ఉన్న చిన్న బొమ్మలకు 600. స్కానర్‌లో "రంగులు వాటంతటవే సరిచేయి" అనే సదుపాయం ఆపేయండి. అది పాలిపోయిన పసుపును తెలుపు చేసేస్తుంది, తర్వాత రంగుల లెక్క మొత్తం తప్పుతుంది.

కాగితమే ఒక్కోసారి కథ చెబుతుంది. నాజీలు యూదులను నిర్బంధించిన తెరెజీన్ గెట్టోలో ఫ్రీడల్ డిక్కర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి పిల్లలకు బొమ్మలు నేర్పింది దొరికిన చిత్తుకాగితాల మీద, ఆఫీసు ఫారాల వెనక. ఆమె పిల్లల చేత బొమ్మ మీద పేరు రాయించేది. రెండు సూట్‌కేసుల్లో దాచినవి యుద్ధం తర్వాత బయటపడ్డాయి. దాదాపు 4,500 బొమ్మలు ఇప్పుడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్ నాజీ మరణశిబిరంలో చంపేశారు. వెనక వైపు స్కాన్ చేయకపోతే ఆ ఫారాలు మీ రికార్డులో ఉండవు.

3. కాలం నిజమో కాదో చూడండి

బొమ్మ మీద 1938 అని ఉన్నంత మాత్రాన 1938 అయిపోదు. తర్వాత పెద్దలు రాసిన తేదీలు, కొత్తగా దిద్దిన గీతలు సర్వసాధారణం. నాలుగు సులువైన పరీక్షలున్నాయి.

బాల్‌పాయింట్ పెన్ను మామూలు జనానికి అందింది 1940ల మధ్య నుంచి. స్పెయిన్ అంతర్యుద్ధం (1936–39) నాటి బొమ్మ మీద బాల్‌పాయింట్ రాత కనిపిస్తే ఆ రాత తర్వాతిదే. భూతద్దంలో గీత మధ్యలో గాడి, అక్కడక్కడ సిరా ముద్దలు కనిపిస్తాయి. స్కెచ్ పెన్నులు పిల్లల చేతికొచ్చింది 1960ల తర్వాత. అతినీలలోహిత టార్చి వేస్తే కాగితం నీలంగా మెరిసిపోతుంటే అందులో తెలుపు పెంచే రసాయనం ఉన్నట్టు. అలాంటి రసాయనాలు కాగితంలోకి వచ్చింది 1950 ప్రాంతంలో. చీకటి గదిలో చూడాలి, పక్కన పాతదని తెలిసిన కాగితం ఒకటి పెట్టుకోవాలి. సబ్బు తగిలిన చోట కూడా మెరుస్తుంది కాబట్టి మచ్చను బట్టి కాకుండా కాగితం మొత్తాన్ని బట్టి తేల్చాలి.

నాలుగోది లిపి. ఇది కాలాన్నే కాదు, మనిషినీ పట్టిస్తుంది. జర్మనీ బళ్లలో జూటర్లిన్ అనే కోసు అక్షరాల రాత 1941లో ఆగిపోయింది, పిల్లలు లాటిన్ రాతకు మారారు. కాబట్టి 1943 నాటి బొమ్మ కింద ఏడేళ్ల పిల్లవాడి పేరుతో జూటర్లిన్ వాక్యం ఉంటే అది టీచరో, ఇంట్లో పెద్దవాళ్లో రాసిందని అనుమానించాలి. రష్యన్‌లో 1918 లిపి సంస్కరణ తీసేసిన అక్షరాలు కూడా ఇలాగే పనికొస్తాయి.

4. ఎవరు అడిగారు? ఏమని అడిగారు?

అసలు పని ఇది. మిగతా అన్నిటికన్నా దీనికే ఎక్కువ సమయం పెట్టండి.

ముందు కట్ట లోపలి నుంచి వెతకండి. ముప్పై మంది తరగతిలో ఇరవై బొమ్మలకు ఒకే పేరు, ఒకే మాటల వరసలో, ఒకే తప్పుతో ఉంటే ఆ పేరు నల్లబల్ల మీద నుంచి ఎక్కించుకున్నది. కాగితాన్ని మూడు గళ్లుగా మడిచి ఉంటే "అప్పుడు, ఇప్పుడు, రేపు" లాంటి అంశం ఇచ్చి ఉంటారు. స్పెయిన్ యుద్ధంలో పిల్లల శిబిరాల్లో ఈ తరహా అంశం బాగా నడిచింది. అల్ఫ్రెడ్, ఫ్రాన్స్వాజ్ బ్రౌనర్ దంపతులు పిల్లల చేత యుద్ధానికి ముందు జీవితం, యుద్ధంలో జీవితం, యుద్ధం తర్వాత ఎలా ఉంటుందనుకుంటున్నారు అని గీయించారు. అలాంటి సేకరణలో "పిల్లలు శాంతి గురించి కలలు కన్నారు" అని రాయడం పప్పులో కాలేయడమే. మూడో బొమ్మ అడిగితే గీసింది. అయితే ఆ మూడో బొమ్మలో ఏం పెట్టారన్నది మాత్రం పిల్లలదే. పొలమా, రైలా, తండ్రి తిరిగి రావడమా, జెండా ఊరేగింపా – చూడాల్సింది అది.

తర్వాత కట్ట బయట వెతకండి: బడి రిజిస్టరు, టీచర్ల పత్రికలు, విద్యాశాఖ సర్క్యులర్లు, పోటీ ప్రకటనలు. అడిగిన తీరును బట్టి బొమ్మలు ఎంతగా మారిపోతాయో ఈ ఉదాహరణలు చూడండి.

నాయకుడికి కానుకగా గీయించినవి: 1940 డిసెంబరులో జర్మనీకి లొంగిన ఫ్రాన్స్‌ను ఏలిన విషీ ప్రభుత్వం తన అధినేత మార్షల్ పెతాఁ కోసం క్రిస్మస్ కానుకగా బొమ్మలు పంపమని ఫ్రాన్స్ బడిపిల్లలను అడిగింది. లక్షల సంఖ్యలో వచ్చాయి. వాటిలో ఓటమి, ఆకలి, చెరలో ఉన్న తండ్రులు తక్కువగా కనిపిస్తే ఆశ్చర్యం ఏముంది? కానుకలో ఫిర్యాదు ఎవరూ పెట్టరు.

సైనికుడికి పంపినవి: జపాన్‌లో యుద్ధకాలంలో బడిపిల్లలు ఊరడింపు సంచుల్లో ఉత్తరాలు, బొమ్మలు పెట్టి యుద్ధభూమికి పంపేవారు. గీసేది అన్నయ్య వయసు సైనికుడి కోసం అని తెలుసు కాబట్టి ఊరు, పంట, బడి ఆటలు, "మేం బాగున్నాం" అనే మాట వస్తాయి.

పోటీకి గీసినవి: జర్మనీ నాజీ టీచర్ల సంఘం "హిల్ఫ్ మిట్!" అనే పిల్లల పత్రిక ద్వారా పెద్దపెద్ద పోటీలు నడిపింది. అంశం వాళ్లదే, బహుమతీ వాళ్లదే. పోటీ అన్నాక పిల్లలు గెలిచే బొమ్మ గీస్తారు.

సాక్ష్యంగా అడిగినవి: 1946లో పోలండ్‌లో "ప్షెక్రూయ్" వారపత్రిక, విద్యాశాఖ కలిసి యుద్ధం, ఆక్రమణ రోజులు గీయమన్నాయి. వచ్చిన వాటిలో దాదాపు 7,000 వార్సాలోని ఆధునిక రికార్డుల ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఇక్కడ అడిగింది ఘోరం, వచ్చింది ఘోరం. బొమ్మలు అబద్ధమని దీని అర్థం కాదు. "ఆ ఏడాది పోలిష్ పిల్లల మనసులో ఘోరం తప్ప ఏమీ లేదు" అని మాత్రం వీటిని బట్టి అనలేం.

అసలు అడగకుండా వచ్చినవి: 2005లో చాద్ సరిహద్దు శిబిరాల్లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ పరిశోధకులు పెద్దలతో మాట్లాడుతున్నప్పుడు, పిల్లలకు కాలక్షేపంగా కాగితం, క్రేయాన్లు ఇచ్చారు. ఏం గీయాలో చెప్పలేదు. పక్క దేశం సూడాన్‌లోని డార్ఫుర్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ఆ పిల్లలు తగలబడుతున్న ఊళ్లను, గుర్రాల మీద వచ్చిన సాయుధులను, విమానాలను గీశారు. ఇలాంటివి అరుదు, విలువ ఎక్కువ. అయినా కాగితం ఇచ్చినవాళ్లు ఎవరో, పక్కన పెద్దలు ఏం మాట్లాడుకుంటున్నారో పిల్లలకు తెలుసు. దాన్ని కూడా రికార్డులో రాయాలి.

ఎంత వెతికినా అంశం దొరక్కపోతే పట్టికలో "తెలియదు" అని రాసి వదిలేయండి. ఊహించి నింపిన గడి తర్వాత నిజంలా చలామణి అవుతుంది.

5. ఆ తరగతి గది గోడను తిరిగి కట్టండి

బొమ్మ గీసిన నెల, దానికి ముందు ఆరు నెలలు – ఆ కాలంలో ఆ పిల్లల కంట పడినవన్నీ నెలవారీగా ఒక క్యాలెండర్‌లో పెట్టండి. పాఠ్యపుస్తకం, గోడపత్రికలు, పోస్టుకార్డులు, తపాలా బిళ్లలు, పిల్లల పత్రికలు, సినిమా హాల్లో వేసే వార్తాచిత్రాలు, జెండా పండుగలు, చందాల వసూళ్లు. చాలామంది పాఠ్యపుస్తకంతో ఆగిపోతారు. నిజానికి పిల్లలు ఎక్కువగా కాపీ కొట్టేది పోస్టుకార్డులను, పత్రిక ముఖచిత్రాలను. చేతిలో పెట్టుకుని చూడ్డానికి వీలైనవి కదా.

పాఠ్యపుస్తకాలు చూసేటప్పుడు చరిత్ర పుస్తకం ఒక్కటే తిరగేయకండి. 1930ల జర్మనీలో మానసిక రోగుల పోషణకు ప్రభుత్వానికి ఎంత ఖర్చవుతుందో కట్టమనే లెక్కలు గణితంలో ఉన్నాయి. జపాన్‌లో 1933 నుంచి వాడిన ఒకటో తరగతి వాచకంలోనే "ముందుకు, ముందుకు, సైనికులారా ముందుకు" అనే పాఠం ఉంది. అక్షరాలతో పాటే సైనికుడి బొమ్మ కూడా చేతికి అలవాటైపోతుంది. 1945లో ఓడిపోయాక అక్కడి పిల్లల చేతే పుస్తకాల్లోని యుద్ధ వాక్యాలను సిరాతో నల్లగా పులిమించారు. అలా పులిమిన ప్రతి దొరికితే మీ పని సగం అయిపోయినట్టే: దేన్ని ప్రచారం అనాలో అప్పటివాళ్లే గుర్తుపెట్టి ఇచ్చారు. పులమని ప్రతితో పక్కపక్కన పెట్టి, తీసేసిన బొమ్మల జాబితా రాసుకోండి. దాన్ని పిల్లల బొమ్మలతో పోల్చండి.

ఒక్కోసారి ఈ ప్రవాహం వెనక్కి కూడా పారుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో తిండి, బొగ్గు పొదుపు చేయమని చెప్పే గోడపత్రికలు బడిపిల్లల చేత గీయించి అచ్చేసి ఊరంతా అంటించారు. పిల్లల పేరు, బడి పేరు వాటి మీద ఉంటాయి. అప్పుడు ఒక పిల్ల బొమ్మలో కోడి, గోధుమ కంకి కనిపిస్తే అది గోడపత్రిక నుంచి పిల్లకు వచ్చిందా, పిల్ల నుంచి గోడపత్రికకు వెళ్లిందా అన్నది తేదీలే చెప్పాలి. క్యాలెండర్ లేకపోతే ఈ చిక్కు విడదు. అదే దేశంలో పారిస్ మోంమార్త్ర్‌లోని సెంట్-ఇజోర్ వీధి మగపిల్లల బడి నుంచి 1914–18 నాటి బొమ్మలు వెయ్యికి పైగా మిగిలాయి. ఒకే బడి, వరసగా కొన్నేళ్లు – ఈ పద్ధతి సాధన చేయడానికి ఇంతకన్నా మంచి సేకరణ దొరకడం కష్టం.

6. చూసింది, విన్నది, దిద్దింది

ఇప్పుడు ఒక్కో బొమ్మ దగ్గరికి రండి. స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి బొమ్మకూ ఒక వరస. బొమ్మలోని ఒక్కో వస్తువును – విమానం, ఇల్లు, జెండా, శత్రువు, తల్లి – మూడు గళ్లలో ఏదో ఒకదానిలో వేయండి: పిల్లలు కళ్లారా చూసి ఉండగలిగింది, పెద్దలు చెప్పగా విన్నది, అచ్చు బొమ్మ చూసి దిద్దింది. ఒకే బొమ్మలో మూడూ ఉంటాయి. "ఇది ప్రచార బొమ్మ, ఇది నిజం బొమ్మ" అని గంపగుత్తగా విడదీసే పద్ధతి పనికిరాదు. విడదీయాల్సింది బొమ్మ లోపల.

స్పెయిన్ బొమ్మల్లో విమానాలనే తీసుకోండి. తిరుగుబాటు సేనాని ఫ్రాంకో వైపు విమానాల తోక మీద తెల్లటి రంగులో నల్లటి ఇంటూ గుర్తు ఉండేది. రిపబ్లిక్ ప్రభుత్వ విమానాలకు ఎర్ర పట్టీలు. మూడు ఇంజన్లు, తోక మీద ఇంటూ సరిగ్గా వేసిన పిల్లవాడు చూసి ఉండొచ్చు, గోడపత్రిక నుంచి కూడా తెచ్చుకుని ఉండొచ్చు. తేల్చేది చుట్టూ ఉన్నవి: బాంబులు ఏ వైపు నుంచి ఏ వైపుకు పడుతున్నాయి, జనం ఎటు పరిగెడుతున్నారు, వీధిలో దుకాణం బోర్డు ఉందా, ఆశ్రయం మెట్లు ఎక్కడున్నాయి. గోడపత్రికల్లో ఇలాంటి పనికిమాలిన వివరాలు ఉండవు. పిల్లల జ్ఞాపకంలో ఉంటాయి. మేం ముందుగా చూసేది వాటినే.

దిద్దిందని చెప్పే గుర్తులు వేరు. శత్రువుకు వ్యంగ్యచిత్రాల ముఖం, పక్కన పేరు రాసి ఉండటం. మన వైపు ఒక్కరికీ గాయం లేకపోవడం. మనుషులకన్నా జెండా పెద్దది కావడం. నినాదంలో తప్పుల్లేని అక్షరాలు, పక్కనే పిల్లల సొంత పేరులో తప్పులు. సైనికుడి కాలు, చెయ్యి తరగతి మొత్తం మీద ఒకే కోణంలో ఉండటం. దీన్ని పట్టడానికి ఒక చిట్కా ఉంది: స్కాన్లను కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి పైదాన్ని సగం పారదర్శకం చేయండి. అచ్చు గుద్దినట్టు కలిస్తే మూలం ఒకటే. కలవకపోతే అద్దంలోలా తిప్పి చూడండి. కిటికీ అద్దానికి ఆనించి వెనక నుంచి దిద్దితే అలా వస్తుంది. ఒకే తప్పు – విమానం ప్రొపెల్లర్ తోకకు ఉండటం లాంటిది – నాలుగు వరస నంబర్లలో కనిపిస్తే అది బల్ల మీద పక్కవాడి నుంచి పాకింది, ప్రచారం నుంచి కాదు.

వయసును మరిచిపోతే ఇక్కడ అన్నీ తారుమారవుతాయి. నాలుగు నుంచి ఏడేళ్ల వరకు పిల్లలు పరిమాణాన్ని కొలతగా చూడరు, తమకు ముఖ్యమైంది పెద్దగా గీస్తారు. ఏడు నుంచి తొమ్మిది మధ్య కాగితం కింది అంచున నేల గీత వస్తుంది, గోడలోంచి ఇంటి లోపల మనుషులు కనిపిస్తారు. కంటికి కనిపించేది కాకుండా తమకు తెలిసింది గీయడం ఆ వయసు తీరు. ఫ్రెంచ్ పరిశోధకుడు లుకే 1927లోనే దీన్ని వివరించాడు. కాబట్టి ఆరేళ్ల పిల్ల గీసిన పెద్ద జెండాను, పన్నెండేళ్ల పిల్లవాడు గీసిన పెద్ద జెండాను ఒకే గడిలో వేయకూడదు. ఇంటి గోడ లేకపోవడం బాంబు పడినందుకు కాకపోవచ్చు. పదేళ్లు దాటిన మగపిల్లలు తుపాకుల భాగాలు పూసగుచ్చినట్టు గీస్తారు. యంత్రాల మోజు యుద్ధం లేనప్పుడూ ఉండేదే.

రంగుల విషయంలో మరింత జాగ్రత్త. నలుపంటే దుఃఖం, ఎరుపంటే రక్తం అని రాసేయడం సులువు, చాలాసార్లు తప్పు. ముందు తరగతి మొత్తం బొమ్మల్లో వాడిన రంగులన్నీ లెక్కపెట్టండి. నలభై బొమ్మల్లో ఎక్కడా నీలం లేకపోతే ఆ గదిలో నీలం క్రేయాన్ లేదు, ఆకాశం నల్లగా ఉండటానికి అదే కారణం. స్పెయిన్ రిపబ్లిక్ జెండాలో ఎరుపు, పసుపుల కింద ఊదా పట్టీ ఉంటుంది. ఊదా లేని పెట్టెతో గీసినవాళ్లు దాన్ని ఏ రంగుతో నెట్టుకొచ్చారో చూస్తే ఏ రంగులు ఉన్నాయో తెలిసిపోతుంది.

చివరగా అంచులు, మూలలు, వెనక వైపు. టీచర్ చూసేది నడిమధ్య. పిల్లలు తమవి పెట్టుకునేది అంచుల్లో: కవాతు సైనికుల పక్కన మూలలో ఒక కుక్క, నాయకుడి బొమ్మ వెనక చెరిపేసిన ఆట గీతలు. కాగితాన్ని టేబుల్ మీద పెట్టి పక్కనుంచి ఏటవాలుగా లైటు వేయండి, చెరిపిన పెన్సిల్ గాడులు పైకి తేలతాయి. ముందు ఏం గీసి, ఎవరి చేత మార్పించుకున్నారో కొన్నిసార్లు అక్కడే దొరుకుతుంది.

యుద్ధం అసలు కనిపించని బొమ్మలను కట్టలోంచి తీసేయకండి. తెరెజీన్ పిల్లల్లో చాలామంది పూలు, కిటికీలు, ఇళ్లు గీశారు. వాళ్ల టీచర్ అడిగింది లయ, రంగు, జ్ఞాపకం.

7. ఒక్కరే చదివి తేల్చకండి

ఇద్దరు విడివిడిగా, మాట్లాడుకోకుండా, అవే 30 బొమ్మలను నమోదు చేయాలి. ఒక్కో గుర్తుకు ఎన్ని చోట్ల ఒకే జవాబు వచ్చిందో లెక్కపెట్టండి. 24 కన్నా తక్కువైతే ఆ గుర్తు నిర్వచనం సరిగా లేనట్టే. "శత్రువును వికారంగా చూపడం" అని రాస్తే ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుతారు. "శత్రువు ముఖంలో కోరలు, కొమ్ములు, జంతువు చెవులు – వీటిలో ఒకటైనా ఉండటం" అని రాస్తే తేడాలు తగ్గుతాయి. ఇంకో తిరకాసు: ఒక గుర్తు 30లో రెండు చోట్లే ఉంటే, ఇద్దరూ మిగతా 28కి "లేదు" అని రాసి ఏకాభిప్రాయం బాగా కుదిరిందనుకుంటారు. అరుదైన గుర్తులకు "ఉంది" అన్న బొమ్మలనే విడిగా పోల్చాలి.

వీలైతే మొదటి విడత చదివేటప్పుడు దేశం, తేదీ కప్పేయండి. ఏ వైపు పిల్లలో తెలిస్తే చేయి తెలియకుండానే మొగ్గుతుంది.

8. మిగిలింది ఎవరి ఎంపిక?

1938లో న్యూయార్క్‌లో స్పెయిన్ పిల్లల బొమ్మలు 60 ఏరి, సహాయనిధి కోసం పుస్తకంగా వేశారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో లైబ్రరీలో ఉన్నవే 600కు పైన. మాడ్రిడ్ జాతీయ గ్రంథాలయంలో ఇంకా ఎక్కువ. పుస్తకంలోకి వెళ్లినవి దాతల మనసు కరిగించేవి. కాబట్టి అచ్చయిన బొమ్మలతో శాతాలు కట్టకండి. "60లో ఇన్ని బాంబుదాడులు" అంటే అది ఏరినవాళ్ల అభిరుచికి లెక్క. కాగితం నాలుగు మూలలా పిన్ను రంధ్రాలు, వెనక జిగురు మరక, మరో భాషలో శీర్షిక – ఇవి ఉంటే అది ప్రదర్శనకు వెళ్లి వచ్చిన బొమ్మ. పట్టికలో దానికి వేరే గడి పెట్టండి. రంధ్రాలున్నవి, లేనివి విడివిడిగా లెక్కిస్తే తేడా మీకే కనిపిస్తుంది.

9. ఇప్పటి పిల్లల దగ్గర సేకరించాల్సి వస్తే

"యుద్ధం గీయండి" అనకండి. కాగితం, కనీసం ఎనిమిది రంగులు ఇచ్చి "నీకిష్టమైంది" అనండి, గీయకపోయినా ఫరవాలేదనండి. గీశాక "ఈ సైనికుడు ఏం చేస్తున్నాడు?" అని అడిగితే అది సైనికుడని మీరే నిర్ణయించినట్టు. "దీని గురించి చెప్తావా?" చాలు. చెప్పింది చెప్పినట్టు, అదే భాషలో, తప్పులతో సహా రాసుకోండి. అనువాదం వేరే గడిలో. బిడ్డ బిగుసుకుపోయినా, ఏడ్చినా అక్కడితో ఆపేయాలి. పిల్లల మనసు తెలిసిన వైద్యులు అందుబాటులో లేకపోతే అసలు మొదలుపెట్టొద్దు.

పేరు, ఊరు బొమ్మ మీద ఉండకూడదు. డిక్కర్-బ్రాండైస్ పేర్లు రాయించడం ఆ పిల్లలకు గౌరవం. నేడు ఆన్‌లైన్‌లో అదే ప్రమాదం. రష్యాలో 2022లో సైన్యానికి మద్దతుగా గీయమన్న పాఠంలో ఒక బాలిక యుద్ధానికి వ్యతిరేకంగా గీస్తే బడి పోలీసులను పిలిచింది. ఆ తర్వాత సోషల్ మీడియా పోస్టులకుగాను తండ్రికి 2023లో జైలు శిక్ష పడింది. అదే దేశంలో 2022 సెప్టెంబరు నుంచి ప్రతి సోమవారం మొదటి పీరియడ్ "ముఖ్యమైన విషయాల మీద మాటలు" అనే పాఠం. అక్కడి బొమ్మలు చూసేటప్పుడు మీ క్యాలెండర్‌లో సోమవారాలన్నీ గుర్తు పెట్టుకోవాలి. బొమ్మను ఫోన్‌తో ఫోటో తీస్తే ఫైలులో దాగి ఉండే స్థల వివరాలు తుడిచేయండి. బిడ్డ, సంరక్షకుడు ఇద్దరి అనుమతీ కావాలి. తర్వాత వద్దంటే తిరిగి ఇచ్చేయాలి.

బొమ్మలు న్యాయస్థానానికి వెళ్లే అవకాశం ఉంటే ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ రోజున మారాయో, దుబాసీ ఎవరో మొదటి రోజు నుంచే రాయాలి. 2007లో వేజింగ్ పీస్ అనే బ్రిటన్ మానవ హక్కుల సంస్థ చాద్ శిబిరాల్లో డార్ఫుర్ పిల్లల నుంచి సేకరించిన 500 బొమ్మలను అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు నేపథ్య సాక్ష్యంగా తీసుకుంది. నేపథ్యం అన్న మాట గమనించండి. బొమ్మ ఒక్కటే ఎవరినీ దోషిగా నిలబెట్టదు.

10. గోడకు పెట్టేటప్పుడు

వెలుగు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దాటనివ్వకండి. ఒక బొమ్మను మూడు నెలలకు మించి ఉంచకుండా మార్చండి. కిటికీ ఎదురు గోడ వద్దు. పక్కనే ఆ నెల పాఠ్యపుస్తకం పేజీ గానీ, గోడపత్రిక గానీ పెట్టండి, చూసేవాళ్లే పోల్చుకుంటారు. వివరణ చీటీలో మొదటి వాక్యం బొమ్మ గురించి ఉండకూడదు, అడిగినదాని గురించి ఉండాలి. చీటీ ఇలా ఉండొచ్చు: "అంశం: మార్షల్‌కు క్రిస్మస్ కానుక. ఇచ్చింది: బడి. బాలుడు, 9 ఏళ్లు. రంగు పెన్సిళ్లు, నోటుపుస్తకం కాగితం. కింది నినాదం పెద్దల రాత. ఎడమ మూలలో తాళం వేసిన దుకాణం టీచర్ అడగనిది." "పసికళ్లు చూసిన యుద్ధం" లాంటి శీర్షికలు పెట్టకండి. నలభై మాటలు దాటితే ఎవరూ చదవరు, అక్షరాలు 18 పాయింట్లకు తగ్గితే పెద్దవాళ్లకు కనిపించవు.